అమ్మ పేరు మీద ఐదు అప్పులు, అమ్మ కూలి మొత్తం కిస్తీలకే. ఏది ముందు తీర్చాలి?

మిరపతోట_వారసుడు
మాది పల్నాడులో ఒక పల్లె. నేను హైదరాబాద్‌లో మొబైల్ షాపులో పనిచేస్తా, జీతం 24 వేలు, రూము అద్దె, తిండి పోను ఇంటికి ఐదు వేలు పంపుతా. సంక్రాంతికి ఇంటికొచ్చి చూస్తే అమ్మకు జ్వరం. అయినా కనుమ మర్నాడే తెల్లారుజామున ఆటో ఎక్కి పక్కూరికి మిరపకోతకు పోయింది. మా చేలో తొలికోతకు ఇంకా టైముంది, ఇది వేరేవాళ్ళ తోట. ఒళ్ళు కాలిపోతుంటే ఇవాళ ఆగొచ్చుగా అంటే "గురువారం కిస్తీ ఉందిరా" అంది. ఏం కిస్తీ అంటే మాట దాటేసింది. సాయంత్రం గట్టిగా అడిగితే బీరువాలోంచి ఒక ప్లాస్టిక్ కవరు తీసి నా ముందు పడేసింది.

డ్వాక్రా (మహిళా పొదుపు సంఘం) బ్యాంకు లోను, గ్రూపులో పది మందికి పది లక్షలు, అమ్మ వాటా లక్ష, నెలకు 2,700. స్త్రీనిధి (మహిళా సంఘాలకు అప్పులిచ్చే సహకార సంస్థ) 50 వేలు, నెలకు 2,350. ఒక ప్రైవేటు ఫైనాన్స్ కంపెనీది 60 వేలు, నెలకు 3,170. ఇంకో కంపెనీది 45 వేలు, ఇది వారం వారం 550, గురువారం గొడవ దీనిదే. ఆమె నాలుగు సవర్ల గొలుసు కూడా బ్యాంకులోనే ఉంది, ఏడాదికోసారి వడ్డీ కట్టి తిరగరాయిస్తున్నారట. ఇవన్నీ అమ్మ పేరు మీదే. నాన్న పేరు మీద రెండు లక్షల ప్రోనోటు వేరే, నూటికి మూడు రూపాయల వడ్డీ. పురుగుమందుల కొట్టు బాకీ ఎంతో ఆయనకే తెలియాలి.

నాన్న మూడెకరాలు కౌలుకు చేస్తాడు. నిరుడు మిరప రేటు ఎలా పడిపోయిందో ఇక్కడ చాలామందికి తెలుసు. నా దగ్గర దాచుకున్నవి 40 వేలున్నాయి. వీటిలో ఏది ముందు తీర్చాలి? ఊళ్ళో ఎవరినడిగినా ఇంకో లోను గురించే చెప్తున్నారు.

ఖాళీజేబు
ఇంకో లోను చెప్పేవాడు ఊరికొకడు ఉంటాడు. కొండనాలుక్కి మందేస్తే ఉన్న నాలుక ఊడే రకం సలహా అది. ఆ 40 వేలు ముందు ఎవరి కంటా పడనీకు, మీ నాన్న కంట కూడా.

లెక్కల_పంతులు
వారానికి 550 అంటే నెలకు సుమారు 2,380. నెల కిస్తీలన్నీ కలిపితే 10,600. మీ వైపు మిరపకోత కూలి ఎంత?

మిరపతోట_వారసుడు
ఆడవాళ్ళకు 350. ఆటో ఖర్చు రైతుది.

లెక్కల_పంతులు
10,600ని 350తో భాగిస్తే ముప్పై. అంటే నెలలో ఒక్క రోజు కూడా వదలకుండా కూలికెళ్తే కిస్తీలు మాత్రం తీరతాయి. బంగారం మీద వడ్డీ, నాన్న నోటు మీద నెలకు పడుతున్న 6 వేల వడ్డీ, ఇంట్లోకి ఉప్పూ పప్పూ ఈ లెక్కలో లేవు. ముప్పై రోజులూ పని దొరికే నెలలు ఏడాదిలో ఎన్నుంటాయో అది వేరే ప్రశ్న.

రచ్చబండ_రాజు
ఎవరేమనుకున్నా సరే చెప్తా. ఆడవాళ్ళ చేతికి అప్పులివ్వడం మొదలయ్యాకే ఊళ్ళు ఇలా తయారయ్యాయి. మా అమ్మమ్మ కాలంలో ఆడమనిషి పేరు మీద అప్పు అనే మాటే లేదు. ఇప్పుడు ఫంక్షన్‌కో చీర, పుట్టినరోజుకు కేకు, ఇంట్లో ఫ్రిజ్జు, అన్నీ కిస్తీల మీదే. అప్పు చేసి పప్పు కూడు.

నాట్లకూలి
రాజు గారూ, ఆయన రాసింది మళ్ళొకసారి చదవండి. కౌలు ఉంది, మందుల కొట్టు ఉంది, పడిపోయిన మిరప రేటు ఉంది. చీర ఎక్కడుంది అందులో?

మాది సూర్యాపేట దిక్కు. డిగ్రీ మధ్యలో పెళ్ళయింది, ఇప్పుడు నాట్లకు, కలుపుకు, పత్తి ఏరడానికి పోతాను. కిస్తీ ఉన్న మనిషికి ఒక కూలి, లేని మనిషికి ఒక కూలి, ఇది పని చేసేవాళ్ళకే తెలుస్తుంది. నాట్లు మేం గుత్తకు పడతాం, ఎకరానికి ఇంత అని. నీళ్ళు వదిలిన వారం రైతులందరికీ ఒకేసారి మనుషులు కావాలి. అప్పుడు రెండు రోజులు బిగబట్టి కూర్చుంటే రేటు పెరుగుతుంది, ఇది మాకు తెలియక కాదు. కానీ మా ముఠాలో ఎక్కువమందికి ఆ వారమే ఏదో ఒక కిస్తీ ఉంటుంది. "ఈ రోజు పైసలు ఈ రోజే ఇస్తా" అన్న రైతు దగ్గరికే పోతారు, ఎకరానికి ఐదువందలు తక్కువైనా సరే. మిగిలిన నలుగురం ఇంట్లో కూర్చొని ఏం చేస్తాం, మేమూ పోతాం. ఇక పత్తి కిలోల లెక్క కాబట్టి, జ్వరం వచ్చినా నెలసరి వచ్చినా నడుముకు సంచి కట్టుకొని వంగాల్సిందే. వడ్డీ ఎంత వడ్డీ ఎంత అని అందరూ అడుగుతారు గానీ, నన్నడిగితే వారం కిస్తీ మా కూలి రేటునే తింటుంది, అది ఏ లోను కార్డు మీదా రాసి ఉండదు.

ఖాళీజేబు
వేదిక పెద్దలెవరైనా ఉంటే ఈ పోస్టును పైకి అతికించండి.

రిటైర్డ్_ఫీల్డాఫీసరు
గ్రామీణ బ్యాంకులో ఉద్యోగం చేసి రిటైరైనవాణ్ణి. బాబూ, ముందు ఏది ఎంత ఖరీదైన అప్పో వరస వేసుకో. నూటికి మూడు రూపాయలంటే ఏడాదికి 36 శాతం. ఫైనాన్స్ కంపెనీలవి ఇరవై నాలుగు ఇరవై ఐదు శాతం ఉంటాయి, 60 వేలకు నెలకు 3,170 చొప్పున రెండేళ్ళంటే సరిగ్గా 24 శాతం పడుతోంది. డ్వాక్రా లోను వీటన్నిటిలోకీ చవక, మూడు లక్షల దాకా 7 శాతానికే ఇవ్వాలని కేంద్ర పథకంలో ఉంది, సకాలంలో కడితే రాష్ట్రాల సున్నా వడ్డీ వేరే. కాబట్టి డ్వాక్రాను కదిలించకు, ఆ 40 వేలు ప్రోనోటుకు కట్టు. కట్టిన వెంటనే నోటు వెనక జమ రాయించి సంతకం పెట్టించు, మాట మీద వదిలేయకు. నెలకు 1,200 వడ్డీ తగ్గుతుంది.

యానిమేటరక్క
నేను గ్రామ సంఘంలో వీవోఏని, అంటే మహిళా గ్రూపుల పుస్తకాలు చూసేదాన్ని, ఊళ్ళో యానిమేటర్ అంటారు. సార్ చెప్పింది కాగితం మీద కరెక్టే, కానీ ఆ 40 వేలు నోటుకు కడితే వాళ్ళమ్మకు గురువారం ఆగుతుందా? ప్రోనోటు వడ్డీ ఎలాగూ కాయలు మార్కెట్ యార్డుకు పోయాకే కడతారు, ఊళ్ళో అందరూ అంతే. వారం లోనులో ఇంకా ఎంత బాకీ ఉందో అడుగు తమ్ముడూ, సగం పైగా తీరి ఉంటే ఇరవై, పాతిక వేలకు మూసేయొచ్చు. ఇలాంటి చిన్న లోను, అంటే మైక్రోఫైనాన్స్ లోను, ముందే కట్టేస్తే జరిమానా వేయకూడదని ఆర్బీఐ రూలు. అది మూస్తే నెలకు 2,380 మిగులుతుంది, దగ్గర దగ్గర ఏడు రోజుల కూలి. అప్పుడు జ్వరమొస్తే పడుకోవచ్చు.

రిటైర్డ్_ఫీల్డాఫీసరు
అమ్మా, ఎక్కువ వడ్డీ ముందు, తక్కువ వడ్డీ తర్వాత. ఇది ఏ బ్యాంకు ట్రైనింగులోనైనా మొదటిరోజు చెప్పే పాఠం.

యానిమేటరక్క
బ్యాంకు ట్రైనింగులో మిరపకాయలు కోయించరు కదా సార్.

ఖాళీజేబు
😂😂 సార్ అవుట్.

గేదెల_దొడ్డి
అన్ని లోన్లనూ ఒకే గాటన కట్టొద్దు. మా ఆవిడ డ్వాక్రాలో 80 వేలు తీసుకుంది, ఒక ముర్రా గేదె కొన్నాం. పాల బిల్లు పదిహేను రోజులకోసారి పడుతుంది, కిస్తీ అందులోంచే పోతుంది, ఎవరి ముందూ చెయ్యి చాచింది లేదు. వెన్న శాతం మంచిగా వస్తే మిగులుతుంది కూడా. డబ్బు వచ్చే తీరూ కిస్తీ కట్టే తీరూ కలవాలి, మిరపకు వారం కిస్తీ పెడితే ఎలా కలుస్తుంది? మిరప డబ్బు ఏడాదికోసారి చూసేది.

నాట్లకూలి
గేదెల అన్నా, ఒక్క మాట అడుగుతా. పొద్దున నాలుగు గంటలకు లేచి పేడ తీసేది, గడ్డి కోసుకొచ్చేది ఎవరు? పాల బిల్లు ఎవరి ఖాతాలో పడుతుంది?

గేదెల_దొడ్డి
ఖాతా నా పేరు మీద ఉంది. పాల కేంద్రంలో అప్పట్లో అలా రాశారు. గడ్డి నేనే కోస్తా, కావాలంటే ఫొటో పెడతా.

నాట్లకూలి
ఫొటో వద్దు, ఖాతా మార్పించండి 🙂

బీడీల_చాట
మా జగిత్యాల, సిరిసిల్ల దిక్కు పిల్లను చూడ్డానికొస్తే బీడీలు చేయడం వచ్చా అని అడిగేవాళ్ళు, ఇప్పటికీ అడుగుతారు కొన్ని ఊళ్ళలో. వంట చేస్తూ, టీవీ చూస్తూ, ఒళ్ళో చాట ఉండాల్సిందే. మొగోడు గల్ఫ్‌కు పోయేటప్పుడు వీసాకు చేసిన అప్పు ఉంటుంది, ఆ పైసలు అక్కడినుంచి వచ్చేదాకా ఇల్లు నడిచేది బీడీల మీదే. అందుకే ఫైనాన్సోళ్ళకు మా వాడ అంటే ఇష్టం. కంపెనీ పుస్తకం ఉంది, పీఎఫ్ నంబరు ఉంది, నెలనెలా బట్వాడా (కూలి డబ్బుల పంపకం) ఉంది, ఇంకేం కావాలి వాళ్ళకు? బట్వాడా ఏ రోజో మాకన్నా ముందు వాళ్ళకు తెలుస్తుంది. కేసీఆర్ అప్పుడు 2,016 చేసిన బీడీల పింఛను కూడా మా చిన్నమ్మ చేతిలో ఒక పూట ఉండదు, నేరుగా కిస్తీకే. మెడలు పడిపోయాయి మా అమ్మకు, అయినా ఆకు తడుపుతూనే ఉంది.

రచ్చబండ_రాజు
నేను చెప్పేది కూడా అదే కదా. ఇచ్చేవాడు ఇస్తున్నాడు కాబట్టే తీసుకుంటున్నారు. 2014లో డ్వాక్రా రుణాలు మాఫీ అనగానే మా ఊళ్ళో గ్రూపులన్నీ కట్టడం ఆపేశాయి, తర్వాత వడ్డీ మీద వడ్డీ పడి లబోదిబోమన్నారు. ఆ తర్వాత పసుపు కుంకుమ అని పది వేలు, ఇంకొకరు వచ్చి ఆసరా అని నాలుగు విడతలు. కట్టినవాడు పిచ్చోడు, కట్టనివాడు తెలివైనోడు అన్నట్టయింది.

వేదిక_కాపలా
పార్టీల గోల ఇక్కడ మొదలైతే ఈ చర్చకు తాళం వేస్తాను. మిరప గురించి మాట్లాడండి.

పొదుపు_పెద్దమ్మ
(మనవరాలు టైపు చేస్తోంది, నానమ్మ చెప్తోంది.) మాది నెల్లూరు జిల్లా. దూబగుంటలో ఆడోళ్ళు సారా కొట్టు మూయించినప్పుడు, అది 1992, నేను చిన్న పిల్లల తల్లిని. మా ఊళ్ళో కూడా చీపుర్లు పట్టుకొని పోయాం. సారా ఆగింతర్వాత అధికారులొచ్చి మీ మొగుళ్ళు తాగకపోతే మిగిలే డబ్బులు దాచుకోండి అన్నారు, రోజుకు రూపాయి, పొదుపు లక్ష్మి అని పేరు. మొదట అప్పు అనే మాటే లేదు, దాచుకోవడమే. ఎవరికన్నా కాన్పు వస్తేనో, పిల్లోడి ఫీజుకో ఆ పెట్టెలోంచి ఇచ్చేవాళ్ళం, వడ్డీ తీసుకున్నా మా పెట్టెలోకే వచ్చేది. కూర్చొని ఎవరికి ఎందుకో మాట్లాడుకొని ఇచ్చేవాళ్ళం. ఇప్పుడు నా కోడలి గ్రూపుకు పది లక్షలొస్తాయి, మీటింగు లేదు పాడు లేదు, పుస్తకం ఇంటింటికీ తిప్పి సంతకాలు పెట్టిస్తారు. నా కోడలికి తన గ్రూపులో ఎవరు ఎందుకు అప్పు తీసుకున్నారో తెలియదు. రాజూ, చీర కొనుక్కుంటే కొనుక్కుందిలే నాయనా, కూలి చేసిన మనిషి.

రచ్చబండ_రాజు
పెద్దమ్మ మాటకు ఎదురు లేదు.

పాతకాగితాలు
వారం కిస్తీలు మనకు కొత్త కాదు. 2006లో కృష్ణా జిల్లాలో వసూళ్ళ మీద గొడవలై అధికారులు మైక్రోఫైనాన్స్ శాఖలు మూయించారు. 2010లో ఆత్మహత్యల వార్తలు వరసగా వచ్చాక అక్టోబరులో ఆర్డినెన్స్, తర్వాత చట్టం. వారం వసూళ్ళు వద్దు, నెలకోసారే, ఇంటి ముందు కాకుండా పంచాయతీ ఆఫీసు దగ్గర, మొత్తం వడ్డీ అసలును దాటకూడదు, ఇలా ఉండేవి అందులో. కంపెనీలు దాదాపు మూటాముల్లె సర్దుకున్నాయి. అప్పుడు ఊళ్ళలో చాలామంది మళ్ళీ ప్రోనోటు వడ్డీలకే వెళ్ళారు, అదీ చెప్పుకోవాలి. 2023 ఫిబ్రవరిలో తెలంగాణ హైకోర్టు, ఆర్బీఐ దగ్గర నమోదైన ఫైనాన్స్ కంపెనీలకు ఆ చట్టం వర్తించదని తీర్పిచ్చింది. ఆ తర్వాతే ఈ వసూలు మనుషుల బైకులు మళ్ళీ ఊళ్ళోకి వస్తున్నాయి.

మిరపతోట_వారసుడు
అందరి పోస్టులూ చదివా. అక్క చెప్పినట్టు వారం లోను గురించి అడిగా, బాకీ 21,600 ఉందట. కానీ అసలు సంగతి ఇంకోటి బయటపడింది. ఆ 45 వేలు మా ఇంటికి రాలేదు! మా మేనత్త కూతురి పెళ్ళికి తీసిచ్చారు. మేనత్తకు అప్పటికే మూడు కంపెనీల లోన్లున్నాయని ఇంకొకటి రాలేదట, అందుకని అమ్మ పేరు మీద తీశారు. మొదట్లో మేనత్తే పంపేది, వినాయక చవితి తర్వాత ఆపేసింది. నాన్న "మా అక్కను ఎలా అడుగుతాంరా" అంటాడు. అమ్మ ఏమీ అనదు, ఆటో ఎక్కి పోతుంది.

ఖాళీజేబు
మేనత్త కూతురు నీకు మరదలే కదా, పెళ్ళి నీతో చేసుంటే 45 వేలూ మిగిలేవి.

మిరపతోట_వారసుడు
నన్ను వదిలేయండి సార్.

యానిమేటరక్క
దీన్ని మేం బినామీ అప్పు అంటాం. ప్రతి ఊళ్ళో ఉంది. గ్రూపు లీడరే నలుగురి వాటాలు వాడుకున్న కేసులు చూశా, తీర్మానం పుస్తకంలో మాత్రం పది సంతకాలుంటాయి. చివరికి కట్టేది ఎప్పుడూ నోరు లేని మనిషే. మీ మేనత్త దగ్గరికి మీ నాన్న కాదు, మీ అమ్మ, నువ్వు కలిసి వెళ్ళండి. మొత్తం అడక్కండి, నెలకు వెయ్యి అని ఒప్పించండి.

వలస_బండి
మాది కర్నూలు జిల్లా కోసిగి దగ్గర. వానలు లేని ఏడు డిసెంబరులో బయల్దేరి మీ గుంటూరు, పల్నాడు వైపు మిరపకోతకు వచ్చేది మేమే. పిల్లలను ముసలోళ్ళ దగ్గరో, హాస్టల్లోనో వదిలేస్తాం, చిన్నవాళ్ళయితే మాతోనే, చేల పక్కన పట్టాలు కప్పుకొని ఉంటాం. మేస్త్రీ దసరా టైములోనే అడ్వాన్సు ఇస్తాడు, ఆ డబ్బు పాత కిస్తీలకు పోతుంది, తర్వాత మార్చి దాకా చేసేది ఆ అడ్వాన్సు తీరడానికి. మా ఆడోళ్ళు ఇద్దరు మనుషుల పని చేస్తారు, వంట వేరే. మేమొస్తే తమ కూలి తగ్గుతోందని మీ ఊరి ఆడవాళ్ళు కోప్పడతారు, నిజమే కావచ్చు. కానీ మాకూ అక్కడ కిస్తీలు ఉన్నాయి అన్నా. మా ఊళ్ళో సంఘం మీటింగుకు రాలేదని ఫైను కూడా వేస్తారు.

మిరపతోట_వారసుడు
కోప్పడేవాళ్ళలో మా అమ్మ కూడా ఉంది. ఈ పోస్టు చదివి వినిపించా. "వాళ్ళ పిల్లలకు మన ఇంట్లో మజ్జిగ పోశాను పోయినేడు" అంది, అంతే.

కువైట్_కబుర్లు
నేను రాయచోటి నుంచి వచ్చి ఇక్కడ ఇంటిపని చేస్తున్నా. గ్రూపులో నా పేరు ఇంకా ఉంది, నా కిస్తీ మా అత్త కడుతుంది, నేను పంపిన డబ్బుతోనే అనుకోండి. నేను వచ్చిందే అప్పు తీర్చడానికి, వీసాకు చేసిన అప్పు తీరేసరికే ఏడాది దాటింది. ఊళ్ళో మాత్రం కువైట్ మనిషి ఉంది కదా అని నా పేరు మీద ఇంకో లోను తీయొచ్చా అని అడుగుతున్నారట. వద్దని చెప్పా.

నాట్లకూలి
గట్టిగా చెప్పు అక్కా. సంతకం నీది, వేలిముద్ర నీది.

కౌలు_కబురు
అందరూ కొమ్మలు కొడుతున్నారు. వాళ్ళ నాన్న కౌలు రైతు, బ్యాంకు పంట రుణం రాదు. పాసుపుస్తకం యజమానిది, పంట రుణం యజమాని తీసుకుంటాడు, బీమా యజమానికి. ఆంధ్రలో 2019 చట్టం ప్రకారం కౌలు రైతుకు సాగుదారు హక్కు కార్డు ఇస్తారు, కానీ దానికి యజమాని సంతకం కావాలి, భూమి ఎక్కడ పోతుందోనని ఎవరూ పెట్టరు. అంతకు ముందు 2011 చట్టం కింద రుణ అర్హత కార్డులు ఇచ్చారు, బ్యాంకులు పెద్దగా పట్టించుకోలేదు. తెలంగాణలో రైతుబంధు కౌలుదారుకు రాలేదు. ఇక పెట్టుబడి ఎక్కడినుంచి తేవాలి? తాకట్టు లేకుండా ఇచ్చేది ఆడవాళ్ళ గ్రూపులకే. పేరుకు మహిళా రుణం, నడిచేది మిరప సాగు.

యానిమేటరక్క
నూటికి నూరు పాళ్ళు. మా ఊళ్ళో డ్వాక్రా లోను పడిన వారం బట్టల షాపు కాదు, మందుల కొట్టు కళకళలాడుతుంది. లోను దరఖాస్తులో కిరాణా కొట్టు, కుట్టు మిషను అని రాస్తాం, అలా రాయాలి కాబట్టి.

కౌలు_కబురు
2025లో యార్డులో రేటు పడిపోతే కేంద్రం క్వింటాలుకు 11,781 అని ప్రకటించింది. ఎకరానికి కౌలు, నారు, మందులు, కోత కూలి కలిపి పెట్టినోడికి ఆ రేటు ఏ మూలకు? అక్కడ పడిన నష్టమే ఈ ప్లాస్టిక్ కవర్లో కాగితాలుగా తేలింది.

లెక్కల_పంతులు
కోత కూలి అన్నారు కాబట్టి ఒకటి. వాళ్ళమ్మ సొంత చేలో పనిచేసిన రోజులకు కూలి ఎవరూ లెక్కేయరు. ఆ రోజుల్లో 350 కూడా రాదు, కిస్తీ మాత్రం వస్తుంది. అందుకే సొంత చేను వదిలి పక్కూరి చేలోకి పోతుంది, సొంత చేలోకి బయటి కూలీలను పిలిచి డబ్బిస్తారు. ఇంట్లో ఎవరైనా ఈ లెక్క వేశారా?

మిరపతోట_వారసుడు
మాస్టారూ, పోయినేడు సరిగ్గా అదే జరిగింది. మా కోతకు బయటివాళ్ళను పెట్టాం, అమ్మ కిస్తీ కోసం వేరే తోటకు పోయింది.

ఉపాధి_మేటు
ఎండాకాలం ఉపాధి హామీకి పంపండి, ఊళ్ళోనే పని. 2025-26లో మన రెండు రాష్ట్రాల్లోనూ రోజుకు 307, ఆడా మగా ఒకటే రేటు. కొలతల ప్రకారం కాబట్టి గట్టి నేలయితే అంత పడదు, డబ్బు కూడా ఆలస్యంగా పడుతుంది, అది ముందే చెప్తున్నా.

నాట్లకూలి
ఆలస్యమే అసలు చిక్కు. కిస్తీ ఉన్నవాళ్ళు అందుకే ఉపాధి పనికి రారు, రోజు చేతికొచ్చే పనికే పోతారు.

రిటైర్డ్_ఫీల్డాఫీసరు
బాబూ, ఆ రెండు కంపెనీల లోను కార్డులు తీసి కుటుంబ ఆదాయం అన్న చోట ఎంత రాశారో చూడు. 2022 ఏప్రిల్ నుంచి ఉన్న ఆర్బీఐ నిబంధనల్లో ఇంటి మొత్తం ఏడాది ఆదాయం 3 లక్షల లోపు ఉన్నవాళ్ళకిచ్చేదే మైక్రోఫైనాన్స్ లోను. అన్ని అప్పుల కిస్తీలు కలిపి నెల ఆదాయంలో సగం మించకూడదు. ఆ లెక్క కంపెనీ చూసుకోవాలి, మీ అమ్మ కాదు.

మిరపతోట_వారసుడు
కార్డులో లేదు సార్, దరఖాస్తు కాపీ ఫోన్లో ఉంటే చూశా. నెల ఆదాయం 25,000 అని రాశారు. మా ఇంట్లో నెలకు 25 వేలు ఎవరూ చూడలేదు. పక్కన నాన్న, అమ్మ కలిసి నిలబడిన ఫొటో, అమ్మ వేలిముద్ర.

లెక్కల_పంతులు
25 వేలు పన్నెండు నెలలకు సరిగ్గా 3 లక్షలు. గీత మీద నిలబెట్టారు. అంతకన్నా ఎక్కువ రాస్తే మైక్రోఫైనాన్స్ లోను ఇవ్వకూడదు, మరీ తక్కువ రాస్తే కిస్తీలు సగం దాటిపోతాయి.

రిటైర్డ్_ఫీల్డాఫీసరు
ఇది పట్టుకొని ముందు కంపెనీకే రాతపూర్వకంగా ఫిర్యాదు పెట్టు. నెల రోజుల్లో సమాధానం రాకపోతే ఫిర్యాదులు వినే ఆర్బీఐ అంబుడ్స్‌మన్‌కు వెళ్ళు, 14448కి ఫోన్ చేస్తే ఎలా పెట్టాలో చెప్తారు. వసూలు మనిషి ఉదయం తొమ్మిదికి ముందు, సాయంత్రం ఆరు తర్వాత ఫోన్ చేసి సతాయించకూడదు, నలుగురిలో తిట్టకూడదు. ఇంకో సంగతి, కిస్తీ వారానికా నెలకా అన్నది అప్పు తీసుకునేవాళ్ళ వీలును బట్టి ఇవ్వాలని అదే నిబంధనల్లో ఉంది. 60 వేల లోనుకు నెల కిస్తీ పెట్టించుకున్నారు కదా, ఇదీ అడిగి ఉండొచ్చు. యానిమేటరమ్మ చెప్పిన వారం గొడవలో విషయం ఉందని ఒప్పుకుంటున్నా, సగం మార్కులు ఇస్తా.

యానిమేటరక్క
మిగతా సగం ఎవరికి సార్?

బీడీల_చాట
ఇవన్నీ చెప్పిన రోజు కిస్తీలు వసూలు చేసే సెంటర్ మీటింగులో మిగతా ఆడోళ్ళే ఊరుకోరు. ఒకరు కట్టకపోతే అందరూ అక్కడే కూర్చోవాలి, పొయ్యి మీద ఎసరు పెట్టి వచ్చినోళ్ళు కూడా. కంపెనీ మనిషి ఒక్క మాట అనడు, పక్కింటామె అంటుంది. అది ఏ ఫిర్యాదులో రాస్తారు?

నాట్లకూలి
ఇది నిజం. మా దగ్గర ఒకామె తన తాళిబొట్టులోని గుండ్లు తీసి పక్కామె కిస్తీ కట్టింది, స్నేహం కొద్దీ కాదు, లేవనివ్వరని.

ఖాళీజేబు
నేను జోకులేయడం ఆపేస్తున్నా కాసేపు.

మిరపతోట_వారసుడు
అప్‌డేట్. నేను మళ్ళీ హైదరాబాద్ వచ్చేశా. వారం లోను 21,600 కట్టి మూసేశాం, రసీదు, బాకీ లేదన్న కాగితం రెండూ అడిగి తీసుకున్నా, కాగితం ఇవ్వడానికి రేపు రా మాపు రా అన్నారు, ఫిర్యాదు మాట ఎత్తగానే ప్రింటు తీశారు. మిగిలిన 18,400లో 15 వేలు నోటుకు జమ రాయించా, వెనక సంతకంతో. ఫీల్డాఫీసరు గారూ, మీ సగం మార్కులు అక్కడ. నెల కిస్తీలు ఇప్పుడు 8,220. మేనత్త దగ్గరికి అమ్మ, నేను వెళ్ళాం, నెలకు వెయ్యి అమ్మ ఖాతాకే వేస్తానంది, వేస్తే చూడాలి. నాన్న రెండు రోజులు నాతో మాట్లాడలేదు. నేను పంపే ఐదు వేలు కూడా ఇకనుంచి అమ్మ ఖాతాకే. గొలుసు సంగతి కాయలు అమ్మాక.

అమ్మ పేరు మీద ఉన్న అప్పుల రిపోర్టు కూడా తీశా, ఏడాదికోసారి ఉచితంగా ఇస్తారు. మాకు తెలియనివి ఏవీ లేవు, అదొక్కటే రిలీఫ్. ఇప్పుడు అసలు సమస్య, జూన్‌లో మళ్ళీ పెట్టుబడి. భూమి యజమాని కార్డుకు సంతకం పెట్టనంటే పెట్టనన్నాడు. మళ్ళీ అమ్మ గ్రూపు మీదే పడకుండా దారి ఉందా?

కౌలు_కబురు
మూడెకరాలూ మిరప వేయొద్దని ముందు మీ నాన్నతో చెప్పు. ఒక ఎకరం మొక్కజొన్నో కందో పెట్టమను.

మిరపతోట_వారసుడు
చెప్పా. "ఈ ఏడు రేటొస్తుంది" అన్నాడు.

రచ్చబండ_రాజు
మిరప రైతు అందరూ అదే అంటారు. మా నాన్న ఇరవై ఏళ్ళుగా అంటున్నాడు.

రిటైర్డ్_ఫీల్డాఫీసరు
జేఎల్‌జీ, అంటే ఉమ్మడి బాధ్యత గ్రూపు అని ఉంది, నాబార్డు పెట్టింది, భూమి కాగితం లేని కౌలు రైతుల్లాంటి వాళ్ళ కోసం. నలుగురి నుంచి పది మంది కౌలు రైతులు కలిసి ఒక గ్రూపు, ఒకరికొకరు హామీ, తాకట్టు అక్కర్లేదు. మీ నాన్న తోటి కౌలు రైతులు ఎంతమంది ఉన్నారో చూసి ఏప్రిల్‌లోపే బ్యాంకు మేనేజరును కలవండి, జూన్‌లో వెళ్తే రద్దీలో ఎవరూ వినరు. కిస్తీ పంట వచ్చాకే పెట్టించుకోండి.

ఖాళీజేబు
మళ్ళీ గ్రూపేనా సార్!

యానిమేటరక్క
ఈసారి మగాళ్ళ గ్రూపు కదా. మీటింగులకు రానీ, తీర్మానాలు రాయనీ, పక్కోడు కట్టకపోతే వీళ్ళు కట్టనీ. పుస్తకాలు ఎలా రాయాలో కావాలంటే నేను నేర్పిస్తా, నా గౌరవ వేతనం వేరే ఇవ్వాలి.

నాట్లకూలి
మొదటి మీటింగు ఫొటో మాత్రం ఇక్కడ పెట్టండి తమ్ముడూ.